డ్రైవింగ్ విద్య, రోడ్డు భద్రత: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు

బండి నడపడం ఒక విద్య, రోడ్డు మీద నడుచుకోవడం మరో విద్య. మొదటిది చేతులకూ కాళ్లకూ సంబంధించింది. క్లచ్చు, గేరు, బ్రేకు అలవాటైతే వారం పది రోజుల్లో పట్టుబడుతుంది. రెండోది కంటికీ బుద్ధికీ సంబంధించింది. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరైనా దాటవచ్చని ఊహించడం, మూలమలుపు అవతల ఏముందో తెలియనప్పుడు వేగం తగ్గించడం, ఎదుటివాడు తప్పు చేసినా మన దగ్గర సర్దుకునేంత జాగా ఉంచుకోవడం ఈ రెండో విద్యలోకి వస్తాయి. డ్రైవింగ్ విద్య అంటే ఈ రెండూ కలిసిందే. ప్రధానంగా ఉమ్మడి వరంగల్ నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో మొదటి విద్య దాదాపు ఇంటింటా ఉంది. రెండోది మాత్రం ఉద్యోగరీత్యా బండి నడిపే కొద్దిమందికే అందుతోంది. రోడ్డు మీద ఎక్కువగా ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు ఆ కొద్దిమందిలో లేరు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. తెలంగాణలో ఆ ఏడాది 21,619 ప్రమాదాలు, 7,559 మరణాలు నమోదయ్యాయి. అంటే రాష్ట్రంలో రోజుకు 20 మందికి పైగా. దేశం మొత్తం మీద చనిపోయినవాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. నూటికి 71 మరణాలకు అతివేగాన్ని కారణంగా రాశారు. ఈ ‘అతివేగం’ అన్న మాటను కాస్త జాగ్రత్తగా చదవాలి. పోలీసు కాగితం మీద అది ఒక గడి. ఆ వేగం ఆ చోట ఎందుకు ఎక్కువో నడిపేవాడికి తెలుసా, ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అన్నది ఆ గడిలో రాదు.

రోడ్లు, వాటి మీద తిరిగేవి

ఈ మూడు జిల్లాల రోడ్లు ఒక్క తీరుగా లేవు. అందుకే ఒకే పాఠం మూడుచోట్లా సరిపోదు.

జనగామకు ప్రధానమైనది 163వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట ఇది ఇప్పటికీ 202. హైదరాబాద్ నుంచి పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా వరంగల్ చేరి, ములుగు, ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వైపు పోతుంది. సూర్యాపేట నుంచి సిద్దిపేట వైపు వెళ్లే 365బి దీన్ని జనగామ దగ్గరే కలుస్తుంది. యాదగిరిగుట్ట నుంచి వరంగల్ దాకా నాలుగు వరుసలు వేశాక కార్ల ప్రయాణం సుఖమైంది. కానీ పక్కనున్న పల్లెలకు ఆ రోడ్డు కొత్తది. ఊరు ఒక పక్క, పొలాలు మరో పక్క. యూటర్న్ దూరంగా ఉంటే, గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ రాంగ్ రూట్‌లోనే వస్తుంది. ‘ఇంత దూరానికి అంత తిరగాలా’ అన్నది ఆ రైతు లెక్క. రెండు వరుసల రోడ్డు మీద బతికిన కంటికి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఇంకా దూరంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగు వరుసల రోడ్డును ఒక్క ఊపున కాకుండా డివైడర్ దగ్గర ఆగి, రెండు విడతలుగా దాటాలని ఆ ఊళ్లలో కూర్చోబెట్టి చెప్పాల్సి ఉంది. రోడ్డు వేసేటప్పుడు భూసేకరణకు గ్రామసభ పెడతారు. రోడ్డు తెరిచేటప్పుడు దాన్ని ఎలా వాడాలో చెప్పడానికీ ఒక సభ పెట్టి ఉంటే బాగుండేది.

మహబూబాబాద్ జిల్లాలో తొర్రూరు, మరిపెడ వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉన్నాయి. నకిరేకల్ నుంచి మహబూబాబాద్, నర్సంపేట మీదుగా మల్లంపల్లికి 365వ నంబరు రహదారి, తొర్రూరు, నెల్లికుదురు, మహబూబాబాద్ మీదుగా ఇల్లందు వైపు 930పి వెళ్తాయి. నంబర్లు జాతీయ రహదారులవే. తిరిగేవి మాత్రం ఎక్కువగా ఆటోలు, ట్రాలీలు, ట్రాక్టర్లు, బైకులు. మిర్చి ఏరే కాలంలో తెల్లవారకముందే తండాల నుంచి కూలీల ఆటోలు బయల్దేరతాయి. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్ల మధ్య సద్దిగిన్నెలు. ఆ ఆటో మలుపు తిరిగేటప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పడానికి డ్రైవరు మోచేతికి చోటుండదు. 2021 జనవరిలో గూడూరు మండలం మర్రిమిట్ట దగ్గర, పెళ్లి బట్టలకని బయల్దేరిన ఒక తండా కుటుంబం ఆటోను లారీ ఢీకొట్టిన ఘటనను ఆ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు.

భూపాలపల్లిది బరువు బళ్ల రోడ్డు. పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్, కాళేశ్వరం మీదుగా గోదావరి దాటి మహారాష్ట్రలోని సిరోంచ వైపు సాగే 353సి మీద ఒకవైపు సింగరేణి బొగ్గు, మరోవైపు గోదావరి ఇసుక. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. దానికి తాడిచర్ల గని నుంచి బొగ్గు టిప్పర్లలో రోడ్డు మీదే వస్తుంది. మేడారం జాతర ఏడాది ఈ బరువుకు భక్తుల వాహనాలు తోడవుతాయి. ప్రైవేటు వాహనాలను గూడెప్పాడ్, ములుగు, పస్రా మీదుగా పంపి, తిరుగు ప్రయాణంలో బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల వైపు మళ్లించే ఏకమార్గ పద్ధతిని పోలీసులు కొన్ని జాతరలుగా అమలు చేస్తున్నారు. రెండు రాత్రులు నిద్రలేని డ్రైవర్లు వేల సంఖ్యలో ఒకేసారి ఇంటిదారి పట్టే రోడ్డు అది. ఎదురు బండ్లు లేకుండా చేయడం పోలీసుల చేతిలో పని. డ్రైవరు కంటి మీదికి వచ్చే కునుకును ఏ బారికేడూ ఆపలేదు.

ఎలా నేర్చుకుంటున్నారు

పల్లెలో మొదటి గురువు అన్నో మేనమామో. మొదటి బడి ఎండిన చెరువు శిఖం, లేదా పంట కోసిన పొలం. పన్నెండు పదమూడేళ్ల పిల్లాడికి ముందు టీవీఎస్ ఎక్సెల్ ఇస్తారు. పొలం కాడికి అయ్యకు సద్ది తీసుకుపోవడానికి, పాలకేంద్రానికి క్యాను చేర్చడానికి. కాలు నేలకు ఆనితే నేర్చినట్టే లెక్క. రెండేళ్లకు అదే పిల్లాడు బైకు మీద ఇద్దరు దోస్తులను ఎక్కించుకొని మండల కేంద్రానికి వస్తాడు. ఆ ఇంట్లో దీన్ని తప్పుగా ఎవరూ చూడరు. పిల్లాడు పనికి అక్కరకు వచ్చాడని సంతోషిస్తారు. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఏ అవగాహన సదస్సూ వాళ్ల చెవికెక్కదు. ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే వచ్చేచోట ఆ బండి విలాసం కాదు, అవసరం.

చట్టం మాత్రం కఠినంగానే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండాలి. గేర్లు లేని, 50 సీసీ లోపు బండికి 16 చాలు. ఎక్సెల్ ఆ 50 సీసీ గీతకు పైనే ఉంటుంది కాబట్టి ఆ సడలింపు దానికి వర్తించదు. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. సద్ది మోసిన పిల్లాడి తండ్రికి ఈ సెక్షన్ సంగతి తెలిసేది చాలాసార్లు పోలీస్ స్టేషన్‌లోనే.

లారీ లోకంలో నేర్పు మరో దారిలో వస్తుంది. క్లీనరుగా ఎక్కి, టైర్లు తట్టి గాలి చూడటం, వెనక్కి వచ్చేటప్పుడు ‘ఆనే దో’ అనడం, ఢాబా దగ్గర లారీని కాస్త ముందుకు జరపడంతో మొదలై, రాత్రి ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టేదాకా ఏళ్ల తరబడి సాగే శిష్యరికం అది. దాన్ని చిన్నచూపు చూడకూడదు. బ్రేకు వేడెక్కిన వాసన పట్టడం, లోడు ఒక పక్కకు ఒరిగితే నడుముకే తెలిసిపోవడం లాంటివి ఆ శిష్యరికంలోనే వస్తాయి. కానీ గురువుకు ఉన్న దురలవాటు కూడా శిష్యుడికి అంతే భద్రంగా దిగుతుంది. డిప్పర్ కొట్టకుండా ఎదుటివాడి కళ్లలోకి లైటు వేసే డ్రైవరు దగ్గర నేర్చినవాడు డిప్పర్ కొట్టడు.

కాగితం మీది పాఠ్యక్రమం

ఎల్ఎల్ఆర్ అని జనం పిలుచుకునే లెర్నర్ లైసెన్సుకు రాష్ట్రంలో కంప్యూటర్ మీద 20 ప్రశ్నలు అడుగుతారు. 12 సరిగ్గా రాస్తే చాలు. ఆరు నెలలు చెల్లే ఆ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. ఆ మధ్య కాలంలో ‘ఎల్’ బోర్డు ఉండాలి, పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. బైకు నేర్చుకునేవాడు నేర్పేవాణ్ణి తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు. తర్వాత ఆర్టీఏ ట్రాక్ మీద బైకుకు ‘8’, కారుకు ‘హెచ్’. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) ముందు కాలు కింద పెట్టకుండా ఎనిమిది చుట్టగలిగినవాడికి బండి అదుపులో ఉందని తేలుతుంది. అంతవరకే తేలుతుంది. ఆ ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, మేకల మంద అడ్డం పడదు.

డ్రైవింగ్ స్కూళ్లకు చట్టంలోని 12వ సెక్షన్, 1989 కేంద్ర నిబంధనలు వర్తిస్తాయి. 31వ నిబంధనలోని పాఠ్యక్రమం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. డ్రైవింగ్ సిద్ధాంతం, ట్రాఫిక్ విద్య, ప్రజలతో మెలిగే తీరు, అగ్నిప్రమాదాలు, వాహన సంరక్షణ, ప్రథమ చికిత్స దాకా అన్నీ ఉన్నాయి. కారుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు నిజంగా బండి నడపాలి. రవాణా వాహనానికి 30 రోజులు, 15 గంటలు. జిల్లా కేంద్రాల్లో రెండు బ్రేకులున్న కార్లతో నడిచే స్కూళ్లకు ఎక్కువగా వచ్చేది ఉద్యోగులు, గృహిణులు, విదేశాలకు వెళ్లే కుర్రాళ్లు. బైకు, ట్రాక్టరు, ఆటో నేర్చుకోవడానికి డ్రైవింగ్ స్కూలుకు వెళ్లాలన్న ఆలోచనే ఇక్కడ అలవాటు లేదు.

2019 దాకా రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమం ఉండేది. కేంద్రం దాన్ని తీసేసింది. చదువు లేకపోయినా బండి నేర్పు ఉన్నవాళ్ల ఉపాధి పోకూడదని, అర్హత కంటే శిక్షణ, పరీక్ష ముఖ్యమని కారణం చెప్పింది. తండాలు, గూడేలు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్, భూపాలపల్లిలో ఈ మార్పు న్యాయమైనదే. అయితే సడలింపు వెంటనే అందింది. దాని బదులుగా రావాల్సిన శిక్షణ ఇంకా అందలేదు. లంబాడీ భాషకు వాడుకలో సొంత లిపి లేదు. కోయ మాట్లాడే ఊళ్లున్నాయి. గుర్తుల అర్థం, ఎవరికి ఎవరు దారివ్వాలన్న నియమం అక్కడ పుస్తకంతో కాక మాటతో, బొమ్మతో, రోడ్డు మీద నిలబడి చెప్పాల్సిన పాఠాలు.

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరో సంగతి తేల్చింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాలను విడిగా అనుమతి లేకుండానే నడపవచ్చు. ఆటో, ట్రాలీ నడిపేవాళ్లకు బీమా చిక్కులు తొలగించిన తీర్పు ఇది, వాళ్లకు మేలే చేసింది. తన ఇంటివాళ్లను కారులో తిప్పడానికీ పరాయి కూలీలను డబ్బు తీసుకొని తీసుకుపోవడానికీ ఒకే కాగితం చాలంటే, ఆ కాగితం వెనకున్న నేర్పు మీద భారం పెరిగిందన్నమాట.

గని గేటుకు లోపల, బయట

శిక్షణ విలువ కళ్లారా చూడాలంటే భూపాలపల్లి వెళ్లాలి. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే కార్మికుడికి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు (1966) వర్తిస్తాయి. శిక్షణ లేకుండా పనిలోకి దిగనివ్వరు, నడపడానికి గని అధికారి అనుమతి పత్రం ఉండాలి. డ్యూటీ మొదలయ్యే ముందు బ్రేకు, స్టీరింగ్, లైటు, హారన్ చూసుకోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు కూత పెట్టే పరికరం పనిచేయాలి. ఎత్తు మీద ఎవరికి దారివ్వాలో ముందే రాసి ఉంటుంది. గేటు దాటి అదే బొగ్గు టిప్పర్లోకి ఎక్కాక లోకం మారిపోతుంది. ఎన్ని ట్రిప్పులు కొడితే అంత కూలి అన్న లెక్క వచ్చినచోట డ్యూటీ ముందు తనిఖీకి తీరిక ఉండదు. గని లోపల మనుషులందరూ హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, దారి తెలిసినవాళ్లు. బయట రోడ్డు మీద బడిపిల్లలు, సైకిళ్లు, పశువులు. ఎక్కువ జాగ్రత్త ఏ పక్క అవసరమో చెప్పనక్కర్లేదు.

రెండో ఉదాహరణ ఆర్టీసీ. నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగంగా 1932లో 27 బస్సులతో మొదలైన సంస్థ అది. జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లిలో డిపోలున్నాయి. ఎంపికైన డ్రైవరు రూటు ఎక్కే ముందు శిక్షణ, ప్రమాదం చేసినవాడికి మళ్లీ శిక్షణ అక్కడ పాత ఆనవాయితీ. అలాగని శిక్షణ ఒక్కటే కవచం కాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో పట్టాల్సినవాళ్ల కంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు. నేర్పు ఉన్న డ్రైవరు చేతికి ఓవర్‌లోడు బస్సు ఇస్తే ఆ నేర్పు ఎంతవరకు ఆదుకుంటుంది?

మామూలు లారీ డ్రైవరుకు లైసెన్సు రెన్యువల్ నాడు మళ్లీ పాఠం చెప్పే ఏర్పాటు చట్టంలో లేదు. ప్రమాదకర సరుకులు మోసేవాళ్లకు మాత్రం 1989 కేంద్ర నిబంధనల్లోని 9వ నిబంధన మూడు రోజుల శిక్షణ, రెన్యువల్ అప్పుడు ఒకరోజు పునశ్చరణ తప్పనిసరి చేసింది. పెట్రోలు ట్యాంకరుకు ఉన్న నియమాన్ని ఇసుక లారీకి వర్తింపజేయడం అంత కష్టమైన పనేమీ కాదు.

ట్రాక్టరు

ఈ మూడు జిల్లాల్లో ప్రత్యేకంగా నేర్పాల్సిన బండి ఏదంటే ముందు ట్రాక్టరు పేరు చెప్పాలి. దాని కుడికాలి దగ్గర బ్రేకు పెడళ్లు రెండుంటాయి. ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. పొలంలో మడి చివర తక్కువ చోటులో తిప్పడానికి ఒక పక్క బ్రేకే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే గొళ్లెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టరు ఆ పక్కకు చర్రున తిరిగి పల్టీ కొడుతుంది. ఆ గొళ్లెం చిటికెన వేలంత ఇనుపముక్క. కొత్త ట్రాక్టరు కొన్నప్పుడు షోరూం వాళ్లు ఇంజను హామీ గురించి చెప్పినంత సేపు దీని గురించి చెబితే ఎంత మేలో.

ట్రాలీకి చాలావరకు సొంత బ్రేకు ఉండదు. వాలులో నిండు ట్రాలీ ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలితే ఆ నెట్టుడును ఇంజను కూడా ఆపలేదు. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మూసీ కాల్వలో మరో ట్రాక్టరు పడి పదిమందికి పైగా కూలీలు పోయారు. రెండూ పొలం పనికి పోయే ఆడవాళ్లు ట్రాలీలో కూర్చున్న ప్రయాణాలే. ట్రాలీలో మనుషులను ఎక్కించకూడదని చట్టం ఉంది. కూలీలను పొలానికి చేర్చే మరో బండి మాత్రం ఊళ్లో లేదు. కాలువ గట్టు మీద ట్రాక్టరును అంచు నుంచి ఎంత లోపలికి నడపాలో, వాలు దిగేముందే ఎందుకు చిన్న గేరు వేయాలో కనీసం ఆ డ్రైవరుకైనా తెలిసి ఉండాలి.

రాత్రి రోడ్డు

వరి కోతల కాలంలో జనగామ పల్లెల్లో సగం రోడ్డు కళ్లమవుతుంది. దేవాదుల ఎత్తిపోతల పథకం నీళ్లు వచ్చాక పంట పెరిగింది, ఆరబోసే జాగా పెరగలేదు. సాయంత్రం వడ్లను కుప్ప చేసి, మంచుకు తడవకుండా నల్లటి టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి పూట నల్ల తారు మీద నల్ల కవరు. బైకు లైటుకు ముందు రాయి కనిపిస్తుంది, ఆ వెంటనే కుప్ప. తప్పించుకోవడానికి కుడికి తిప్పితే ఎదురు బండి, చల్లిన గింజల మీద బ్రేకు వేస్తే టైరు జారుతుంది.

దీని వెనకున్న లెక్క డ్రైవింగ్ విద్యలో మొదటి పాఠంగా చెప్పదగ్గది. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డంకి చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒకటిన్నర సెకను గడుస్తుంది, బండి 25 మీటర్లు ముందుకు పోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకుతో ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం 45. అదే 80 కిలోమీటర్ల వేగంలో దాదాపు 70 మీటర్లు. డిప్‌లో హెడ్‌లైటు వెలుగు 40, 50 మీటర్ల కంటే ఎక్కువ పడదు. కాబట్టి రాత్రి 80లో పోయేవాడు అడ్డంకిని చూసే సమయానికే ఆగగలిగే దూరం దాటిపోయి ఉంటాడు. పొద్దున పేపర్లో ‘ఆగి ఉన్న లారీని ఢీకొని’ అని రాసే ప్రతి వార్త వెనకా ఈ కూడిక ఉంది. పదో తరగతి పిల్లాడికి సుద్దముక్కతో పది నిమిషాల్లో అర్థమయ్యేది ఇది.

లారీ ఆపేవాడి పాఠం మరొకటి. చెడిపోయిన బండి వెనక ఎర్ర త్రికోణం పెట్టాలని నిబంధన. ఇక్కడ పెట్టేది చెట్టుకొమ్మ, నాలుగు రాళ్లు. బండి బాగై వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. ట్రాలీ వెనక వంద రూపాయల రేడియం స్టిక్కరు చేసే మేలు చాలా పెద్దది. అది అతికించాలని గుర్తు చేసేది మాత్రం ఏడాదికోసారి జనవరిలో వచ్చే రోడ్డు భద్రతా మాసమే.

నేర్పితే నిజంగా ప్రాణాలు దక్కుతాయా

దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. ‘శిక్షణ ఇస్తే ప్రమాదాలు తగ్గుతాయి’ అన్నది చూడటానికి తేలికైన మాట. పరిశోధన అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డికాల్బ్ కౌంటీలో 16 వేల మందికి పైగా బడిపిల్లలతో పెద్ద ప్రయోగం చేశారు. గట్టి శిక్షణ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ ప్రమాదాల్లో నిలకడైన తేడా కనబడలేదు. లైసెన్సు వచ్చాక ఇచ్చే శిక్షణ మీద కాక్రేన్ సమీక్ష కూడా ప్రమాదాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదనే తేల్చింది. బడిలో నేర్పితే పిల్లలు ఇంకా ముందే లైసెన్సు తీసుకొని ఇంకా ముందే రోడ్డెక్కడం ఒక చిక్కు. జారే రోడ్డు మీద బండిని అదుపు చేసే మెలకువలు నేర్పితే ధీమా పెరిగి వేగం పెరగడం మరో చిక్కు.

కొన్ని పద్ధతులు మాత్రం ఫలించాయి. న్యూజిలాండ్ 1987లో అంచెలంచెల లైసెన్సు తెచ్చింది. కొత్త డ్రైవరు మొదట పక్కన పెద్దవాళ్లుంటేనే నడపాలి, తర్వాత కొంతకాలం పెద్దవాళ్లు లేకుండా రాత్రివేళ గానీ స్నేహితులను ఎక్కించుకొని గానీ నడపకూడదు. యువకుల ప్రమాదాలు తగ్గాయి. స్వీడన్ 1993లో నేర్చుకునే వయసును 16కు దించింది, లైసెన్సు వయసు 18గానే ఉంచింది. ఆ అవకాశం వాడుకున్నవాళ్లు పెద్దల పక్కన సగటున దాదాపు 120 గంటలు సాధన చేశారు. వాళ్ల ప్రమాదాలు దాదాపు 40 శాతం తక్కువ. మన నిబంధనలోని 10 గంటలను దీని పక్కన పెట్టి చూడాలి. బ్రిటన్ 2002 నుంచి రాతపరీక్షతో పాటు వీడియో చూపించి, ముప్పు ఎక్కడ మొదలవుతోందో పసిగట్టే పరీక్ష పెట్టింది.

ఈ అనుభవం నుంచి ఇక్కడికి పనికొచ్చేది ఉంది. మన పిల్లలకు సాధన తక్కువేం కాదు, పన్నెండేళ్ల నుంచే నడుపుతున్నారు. లేనిది పక్కన కూర్చొని ‘అక్కడ చూడు’ అనే పెద్ద మనిషి. నెల్లికుదురు రోడ్డు మీద ఫోన్‌తో తీసిన పది వీడియోలు చాలు. మేకల మంద దాటింది, వెనకే కర్ర పట్టుకున్న పిల్లాడు ఉంటాడు. బస్సు ఆగింది, దాని ముందు నుంచి ముసలమ్మ వస్తుంది. పక్క బాట నుంచి కల్లు లొట్లతో మోపెడ్ ఎక్కుతోంది, దారి ఇవ్వాల్సింది అతనే అయినా అతను ఇటు చూడటం లేదు. ప్రతి వీడియోనూ ప్రమాదానికి క్షణం ముందు ఆపి ‘ఇప్పుడేం చేస్తావు’ అని అడగవచ్చు. జూనియర్ కాలేజీలో నెలకో గంట పెడితే సరిపోతుంది. హెల్మెట్ మరణముప్పును 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందన్న అంకెకు చెవులు మూసుకునే కుర్రాడు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని పోటీపడతాడు.

నేర్పే చోట్లు

2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనలు గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు దారి తెరిచాయి. వాటిలో కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు, భారీ వాహనానికి ఆరు వారాల్లో 38 గంటలు. సిమ్యులేటర్, సొంత ట్రాక్ ఉండాలి. అక్కడ ఉత్తీర్ణులైతే ఆర్టీఏలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం అశోక్ లేలాండ్‌తో కలిసి నెలకొల్పిన శిక్షణ సంస్థ రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో ఉంది. ఆర్టీసీ శిక్షణ అకాడమీ హకీంపేటలో ఉంది. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ అడవిలో ఆటో నడిపే యువకుడికి ఈ రెండూ దూరమే. ఆరు వారాలు కూలి వదులుకొని వెళ్లడం ఇంకా దూరం. అందుకే పాఠం అతని దగ్గరికి రావాలి. ఆటో అడ్డా, మిర్చి యార్డు, ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర తూకం కోసం ట్రాక్టర్లు గంటల తరబడి వరుస కట్టే చోటు. డ్రైవర్లు ఖాళీగా, ఒక్కచోట, నీడలో దొరికేది అక్కడే.

ప్రథమ చికిత్స

31వ నిబంధన పాఠ్యక్రమంలో ఆఖరి భాగం ప్రథమ చికిత్స. ఆఖరున ఉన్నందుకో ఏమో, ఎక్కువగా ఎగిరిపోయే పాఠం కూడా అదే. ప్రమాదం జరిగినచోటికి మొదట చేరేది వెనకొచ్చే బండి డ్రైవరే. దెబ్బ తగిలినవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి ఆటో వెనక సీట్లో మడిచి వేయడం ఇక్కడ రోజూ చూసే దృశ్యం. మెడ ఎముక విరిగి ఉంటే అక్కడితో చేయి, కాలు పడిపోవచ్చు. మంటల వల్లో మరో వాహనం వల్లో ముప్పు లేనంతవరకు మనిషిని కదిలించకపోవడం, రక్తం కారేచోట శుభ్రమైన తువ్వాలతో గట్టిగా అదిమి పట్టడం, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకపోవడం అనే మూడూ ఎవరైనా నేర్చుకోగలిగినవే. సాయం చేసినవాణ్ణి కేసుల్లోకి లాగకుండా 2019 సవరణలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. సాక్షిగా పేరు చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఫోన్ ఎత్తినవాళ్లు మొదట అడిగేది ఎక్కడ అని. రాత్రి పూట పరకాల దాటాక అడవి రోడ్డు మీద కొత్త డ్రైవరుకు ఊరి పేరు తెలియదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి ఉంటుంది. పైన పసుపు రంగు వేసి ఉంటే అది జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. దాని మీదున్న రోడ్డు నంబరు, ఊరి పేరు, కిలోమీటర్ల అంకె చదివి చెబితే అంబులెన్సు నేరుగా అక్కడికే వస్తుంది.